అందరికీ అదే చొక్కా

శాలేమురాజుకి యాభై దాటాయి. ఈ వయసులో మళ్ళీ పలక చేతికిచ్చి బళ్ళో కూర్చోబెట్టినట్టుంది అతని పరిస్థితి. రేపల్లె బస్టాండుకి ఆనుకుని అతనికో ఫ్లెక్సు డిజైనింగు కొట్టు ఉంది. కొట్టంటే ఒక కంప్యూటరు, ఒక ఫ్యాను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, అంతే. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, క్రిస్మస్ శుభాకాంక్షలు, నాయకుల రాకలు, మనుషుల పోకలు అన్నీ ఆ కంప్యూటరులోంచి బయటికొచ్చి గోడలెక్కుతాయి.

ఈ మధ్య వచ్చేవాళ్ళు గుమ్మంలో చెప్పులైనా విడవకుండానే "ఏఐలో చేస్తావా రాజన్నా?" అని అడుగుతున్నారు. రాదంటే పక్క కొట్టుకి పోతారు. వచ్చంటే మళ్ళీ నేర్చుకోవాలి. నేర్చుకోవడానికి అతను భయపడే మనిషి కాదు. కాకపోతే విసుగొచ్చింది. మనిషి జన్మకి ఎన్నిసార్లని మొదటి తరగతి చదువుతాడు?

మొదట కుంచె పట్టాడు. కుర్రతనంలో రోజూ పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి తెనాలి పోయి, బసవపున్నయ్య గారనే పెయింటరు దగ్గర బోర్డులు రాయడం నేర్చుకున్నాడు. రైసు మిల్లుల గోడలు, లారీల వెనక చెక్కలు, చర్చి ముందు స్వాగత ద్వారాలు ఎన్ని రాశాడో లెక్కలేదు. "ఈ చెయ్యి ఉన్నన్నాళ్ళూ నీకు కూటికి లోటుండదురా" అని ఆ పెద్దాయన దీవించాడు. ఆయన దీవెన పూర్తయ్యేలోపే ఫ్లెక్సు వచ్చింది. మూడు రోజులు రాసే బోర్డుని మిషను మూడు నిమిషాల్లో కక్కేసింది. కుంచెలు కిరసనాయిలు డబ్బాలోనే బిగుసుకుపోయాయి. పున్నయ్య గారు కొట్టు కట్టేసి ఇంట్లో కూర్చున్నారు.

శాలేమురాజు అదే తెనాలిలో కంప్యూటరు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అప్పటికి అతనికి ముప్పై కూడా నిండలేదు, అయినా పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లలు "అంకుల్, జరగండి" అనేవాళ్ళు. బొమ్మలు గీసే సాఫ్టువేరు నేర్చాడు. అది చేతికి అలవాటయ్యేసరికి ఫొటోలు మార్చే సాఫ్టువేరు వచ్చింది. అదీ నేర్చాడు. రెండేళ్ళకోసారి దానికి కొత్త రూపు వచ్చేది. వంటింట్లో ఉప్పు డబ్బా, కారం డబ్బా ఎవరో చోట్లు మార్చిపెట్టినట్టు, నిన్నటిదాకా ఇక్కడున్న బటను ఇవాళ ఎక్కడుందో తెలిసేది కాదు. ఆ తర్వాత స్మార్టుఫోన్లు దిగాయి. కస్టమర్లే మంచం మీద పడుకుని డిజైను చేసేసి, "అన్నా, నువ్వు ప్రింటు కొట్టు చాలు" అని వాట్సాప్‌లో పంపడం మొదలెట్టారు. నేర్చుకున్న ప్రతిసారీ భార్య కుమారితో "ఇదే ఆఖరు" అనేవాడు. "అవునులే" అని ఆవిడ కూర తరుక్కునేది.

ఇన్ని మారినా అతని కొట్టుకి మారని బేరం ఒకటి ఉంది. అది చనిపోయినవాళ్ళ ఫొటో.

మా వైపు మనుషులకి బతికున్నప్పుడు ఒక మంచి ఫొటో దిగడానికి తీరిక ఉండదు. పోయాక ఇంటివాళ్ళు చేతికి దొరికింది పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఒకరు ఆధార్ కార్డు తెస్తారు. ఒకరు ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫొటో తెచ్చి, ఐస్‌క్రీము కప్పు వెనక సగం కనపడే ముఖాన్ని చూపించి "ఈయనేనండి మా బాబాయి" అంటారు. ఇంకొకరి దగ్గర బనీను మీద ఉన్న ఫొటో తప్ప వేరే ఉండదు. ముఖం ఎలాగో పనికొస్తుంది, ఒళ్ళే పనికిరాదు. దానికి శాలేమురాజు మంచి ఒళ్ళు ఒకటి అతికించి, వెనక నీలం రంగు మబ్బులు పెట్టి, ఫ్రేము కట్టించి ఇస్తాడు. తల వాళ్ళది, ఒళ్ళు అతనిది.

ఆ ఒళ్ళు అతని తండ్రి ఆదాముది.

ఆదాము చెరుకుపల్లి దగ్గర జగన్నాథరావు గారనే పెద్ద రైతు ఇంట్లో ముప్పై ఏళ్ళు పాలేరు. దుక్కి, నాట్లు, కుప్పనూర్పిడి, బస్తాల మోత, ఆ ఇంటి సేద్యమంతా అతని చేతి మీదుగా జరిగింది. పదిహేనేళ్ళ కిందటి మాట. ఒక ఈస్టరు ఆదివారం కోడలు కుమారి మావగారికి తెల్లచొక్కా కొనిపెట్టింది. శాలేమురాజు అప్పుడే డిజిటల్ కెమెరా కొన్నాడు. చర్చి ముందు కుర్చీ వేసి తండ్రిని కూర్చోబెట్టి, "నాన్నా, కదలమాక" అన్నాడు. ఆదాము ఎస్సై గారి ముందు కూర్చున్నట్టు బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ ఏడే జగన్నాథరావు గారు పోయారు. ఆయన కొడుకు శ్రీకర్, తెనాలిలో వ్యాపారం చేసుకుంటాడు, కారులో కొట్టు ముందు దిగాడు. చేతిలో తండ్రి ఫొటో ఒకటే ఉంది, అదీ కళ్ళంలో బనీను మీద, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నది.

"పెద్దకర్మకి కావాలి రాజూ. నాన్నగారు హుందాగా ఉండాలి" అన్నాడు.

హుందా అయిన ఒళ్ళు శాలేమురాజు దగ్గర ఒక్కటే ఉంది. తండ్రి ఫొటో తెరిచి తల కోసేశాడు. అక్కడ కామందు తల పెట్టాడు. మెడా చేతులూ కాస్త తెల్లబరిచాడు. భుజం మీద జరీ కండువా వేశాడు. వేసి సేవ్ నొక్కాడు. 'పాతదాని మీదే రాయమంటావా?' అని కంప్యూటరు మర్యాదగా అడిగింది కూడా. అవునని నొక్కాడు. పని తొందరలో ఉన్నవాడు అవన్నీ చదువుతాడా? కెమెరాలో ఉన్న అసలు ఫొటోని మర్నాడు ఎవరిదో పుట్టినరోజుకి తుడిచేశాడు. తండ్రి తలకాయ ఇంట్లో ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది, దాని బొమ్మ దాచుకోవాలని ఎవరికి తడుతుంది?

శ్రీకర్ ఫొటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెద్దకర్మకొచ్చిన బంధువులందరూ ఎవరు చేశారని అడిగారు. అక్కణ్ణించి "జగన్నాథరావు గారికి చేసినట్టే చెయ్యి" అనడం మొదలైంది. ఆ ఫైల్లోంచి కామందు తలా కండువా తీసేసి, వట్టి ఒళ్ళుని అచ్చులా ఉంచుకున్నాడు శాలేమురాజు. రైతులు, రిటైరైన మాస్టార్లు, ఒక పోస్టుమాస్టరు, ఇద్దరు సంఘ పెద్దలు, అందరూ ఆదాము ఒంటి మీద తమ తలలతో గోడలెక్కారు. ఒక్కోసారి చొక్కాకి లేతనీలం రంగు వేసేవాడు. చెరుకుపల్లి మొదలుకుని బాపట్ల దాకా ఎన్ని ఇళ్ళలో ఆ చొక్కాకి అగరొత్తులు వెలిగాయో దేవుడికే తెలియాలి.

ఆదాముకి ఈ సంగతి కామందు పెద్దకర్మ నాడే తెలిసిపోయింది. ఆ ఇంట్లో గాడిపొయ్యి దగ్గర పని చూసుకుని, వరండాలోకొచ్చి ఫొటోకి దణ్ణం పెడదామని నిలబడి, అలాగే చూస్తూ ఉండిపోయాడట. ఇంటికొచ్చి కొడుకుని పిలిచాడు.

"ఒరేయ్ అబ్బాయ్, కామందు వేసుకున్న చొక్కా నాదేనంట్రా?"

శాలేమురాజు "నీదే నాన్నా. ఎవరికీ చెప్పమాక" అన్నాడు.

ఆదాము దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బతికుండగా ఆయన నాతో ఒక మంచం మీద కూర్చోలేదు. ఇప్పుడు చూడు, నా మీదే కూర్చున్నాడు. చెప్పన్లేరా. దండ మాత్రం మరీ అంత లావుది వద్దని చెప్పు, మెడ లాగేస్తోంది."

అది మొదలు ఊళ్ళో ఎవరు పోయినా "ఈసారి నా చొక్కా ఎవరికిరా?" అని అడగడం ఆయనకి సరదా అయిపోయింది.

ఈ ఏడు వానలు వెనకపట్టాక ఆదాము ప్రభువునందు నిద్రించాడు. సమాధి కార్యక్రమమంతా సవ్యంగానే జరిగింది. శనివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాస్టరు గారికి కబురు వెళ్ళింది, షామియానా చెప్పారు, భోజనాలు చెప్పారు.

"మావయ్య ఫొటో ఏది?" అంది కుమారి.

"అదెంతసేపు" అని శాలేమురాజు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తండ్రి ఫైలు తెరిచాడు. చొక్కా ఉంది, చేతులున్నాయి, కాలరు ఉంది. కాలరు పైన ఏమీ లేదు. ఇంకో ఫైలు తెరిచాడు. అందులోనూ లేదు. ఎన్ని రకాలుగా దాచుకున్నాడో అన్నీ తెరిచాడు, దేనికీ తల లేదు. అప్పుడు గుర్తొచ్చింది తను ఏం చేశాడో.

ఫోన్లన్నీ వెతికారు. ఆదాముకి ఫోను చూస్తే సిగ్గు. ఒకదాంట్లో ముఖం తిప్పుకున్నాడు, ఒకదాంట్లో చెయ్యి అడ్డం పెట్టాడు, చివరి నెలల్లో తీసినవాటిల్లో ఆస్పత్రి మంచం మీద ముక్కుకి గొట్టంతో ఉన్నాడు. సవ్యంగా ఉన్నది ఆధార్ కార్డు ఒక్కటే. అందులో ఎవరో తరుముకొస్తున్నట్టు గుడ్లు తెరిచి చూస్తున్నాడు.

"ఊళ్ళో పోయినోళ్ళందరికీ ఫొటోలు చేశావు. మీ నాన్నకి లేదా?" అంది కుమారి. దెప్పాలని అనలేదు, ఆశ్చర్యంతో అంది. దెప్పి ఉంటేనే కాస్త నయంగా ఉండేది. శాలేమురాజుకి తన మీద తనకే అసహ్యమేసింది.

కూతురు నీరజ బాపట్లలో ఇంజనీరింగు చదువుతోంది. తాత కూడికకని వచ్చింది. "ఏఐ ఉంది కదా నాన్నా, ఇటియ్యి" అని ఫోను తీసుకుంది. ఆధార్ ఫొటో ఎక్కించి, 'తెల్లచొక్కాలో కూర్చున్న పెద్దాయన' అని ఏదో రాసింది. అరనిమిషంలో బొమ్మ వచ్చింది. పచ్చని పసిమి ఛాయ, వరసగా పేర్చిన పళ్ళు, దువ్విన వెండి జుట్టు. రిటైరైన బ్యాంకు మేనేజరు లాంటి మనిషెవరో వాళ్ళని చూసి చిరునవ్వు నవ్వుతున్నాడు.

"ఎవరే ఈయన?" అన్నాడు శాలేమురాజు.

"ఉండు నాన్నా. నలుపని చెప్తాను, పొలం పని చేసేవాడని చెప్తాను."

ఈసారి వచ్చినాయన నల్లగానే ఉన్నాడు. తలపాగా చుట్టుకుని, చేతిలో వరికంకులు పట్టుకుని, ఎరువుల బస్తా మీది రైతులాగా ఉన్నాడు. కుమారికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. మూడోసారి ఇంకెవరో వచ్చారు. అడిగిన కొద్దీ ఆ యంత్రం విసుక్కోకుండా ముసలాళ్ళని తెచ్చి నిలబెడుతూనే ఉంది, అందులో ఆదాము మాత్రం లేడు.

"ఇంకొన్నేళ్ళాగు నాన్నా, అసలు ఫ్లెక్సులే ఉండవు. కళ్ళద్దాలొస్తున్నాయి. అవి పెట్టుకుంటే తాత ఇదిగో, ఇక్కడ గాల్లో కనపడతాడు" అంది నీరజ, తండ్రిని ఊరడించాలని.

"మరి దండ ఎక్కడ వేస్తారే?" అన్నాడు శాలేమురాజు. అతనికి ఆ కళ్ళద్దాల సాఫ్టువేరు కూడా తనే నేర్చుకోవాల్సొస్తుందేమోనని ఒళ్ళంతా నీరసం కమ్మింది. కుంచె పోయింది, మిషనొచ్చింది, ఫోనొచ్చింది, ఇదొచ్చింది, రేపు కళ్ళద్దాలు. వచ్చినవాటన్నిటికీ ఊడిగం చేశాడు. ఇన్ని నేర్చినవాడికి కన్నతండ్రి ముఖం ఒక్కటి దాచుకోవడం చేతకాలేదు.

చివరికి పాత పద్ధతిలోనే కూర్చున్నాడు. ఆధార్ ఫొటోలోంచి తల కోశాడు. గుడ్లు తెరిచిన రెప్పల్ని కొంచెం దించాడు, పెదవి చివర కొంచెం మెత్తబరిచాడు. నవ్వు మాత్రం పెట్టలేదు, పెడితే ఆయన కాడు. మెడకీ చేతులకీ వేసిన తెలుపు తీసేసి, తెచ్చి ఆ చొక్కా మీద ఉంచాడు. ఇన్నేళ్ళలో ఎవరి తల పెట్టినా మెడ దగ్గర గంటసేపు కుస్తీ పట్టాల్సొచ్చేది. ఒకరికి మెడ పొడుగయ్యేది, ఒకరికి రంగు కలిసేది కాదు. ఇది మాత్రం పెట్టగానే కూర్చుంది. శాలేమురాజు మౌసు వదిలేసి చాలాసేపు దాన్నే చూశాడు. ఇంటి తాళానికి ఆ ఇంటి చెవే పడినట్టుంది.

శనివారం కూడికకి జనం బాగానే వచ్చారు. శ్రీకర్ కూడా వచ్చాడు, ముప్పై ఏళ్ళు తమ ఇంట్లో చేసిన మనిషి కదా. ముందు వరసలో కుర్చీ వేశారు. పాస్టరు గారు వాక్యం చెబుతున్నంతసేపూ అతని చూపు ఫొటో మీదే ఉంది. ప్రార్థన అయ్యి, టీలు ఇస్తుంటే శాలేమురాజుని పక్కకి పిలిచాడు.

"ఏంటి రాజూ, మా నాన్నగారి చొక్కా మీ నాన్నకి వేశావేంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నవ్వులో చిన్న ముల్లుంది. "ఊరందరికీ చేస్తావు, సొంత తండ్రికైనా వేరేది చెయ్యకపోయావా?"

'కంప్యూటర్లో అందరికీ అదే చొక్కానండి' అనేస్తే అక్కడితో పోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ శాలేమురాజు బాగా అలిసిపోయి ఉన్నాడు. అబద్ధానికీ ఓపిక కావాలి.

"మీ నాన్నగారిది కాదండి. చొక్కా మా నాన్నదే. ఆ ఒళ్ళూ ఆయనదే. మీ ఇంట్లో ఉన్నదానిలో మెడ దాకానే పెద్దాయన" అన్నాడు.

శ్రీకర్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. టీ గ్లాసు కుర్చీ మీద పెట్టేసి, చేతులు తుడుచుకుని, ఎవరితోనూ చెప్పకుండా కారెక్కాడు. ఇల్లు చేరాడో లేదో వాట్సాప్ వచ్చింది. 'మా ఫొటో మార్చాలి. ఏఐలో చెయ్యి. అమ్మకి ఏమీ తెలియనివ్వకు.'

శాలేమురాజు చేశాడు. కాదనడానికి కారణం వెతుక్కునే శక్తి కూడా లేదు. జగన్నాథరావు గారి ముఖం ఎక్కించి, పట్టుచొక్కా అని రాస్తే, కన్ను మూసి తెరిచేలోగా జమీందారు లాంటి పెద్దమనిషి తయారయ్యాడు. నిటారుగా, విశాలంగా, ముడత లేకుండా ఉన్నాడు. దాన్ని ఫ్రేము కట్టించి తెనాలి పంపాడు. తండ్రిని ఒక ఇంటి గోడ మీంచి తన చేతులతోనే దించినట్టనిపించింది. ఆ గోడ మీద కూర్చుని ఆయన ఎంత నవ్వుకున్నాడో గుర్తొచ్చింది.

ఫొటో వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం కొట్టులో ఉండగా ఫోను మోగింది. శ్రీకర్ తల్లి జయలక్ష్మి గారు. కొడుకు దగ్గరే తెనాలిలో ఉంటుంది. శాలేమురాజుని చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"రాజూ, గోడకి ఎవరినో తెచ్చి తగిలించారు నాయనా. ఎవరాయన?"

"పెద్దాయనేనండి. అబ్బాయిగారు కొత్తగా చేయించారు."

"నా మొగుణ్ణి నేనెరగనా? పాత ఫొటో ఏం చేశారు?"

ఎంత దాచినా రేపో మాపో తెలిసేదే అనుకున్నాడు శాలేమురాజు. "అమ్మా, మీరు తిట్టినా సరే. పాతదాంట్లో ఒళ్ళు పెద్దాయనది కాదండి."

"ఆదాముది" అంది ఆవిడ.

అతను కుర్చీలో ముందుకి జరిగాడు. బయట బస్సు హారన్లు మోగుతున్నా ఒక్క ముక్క కూడా పోకుండా వినపడింది.

"పెద్దకర్మ నాడే గుర్తుపట్టాను. కుడి భుజం కిందికి దిగి ఉండదూ? మా ఆయన జన్మలో ఒక బస్తా ఎత్తింది లేదు, ఆయనకి ఆ భుజం ఎక్కణ్ణించి వస్తుంది? మా గాదె నిండా వడ్లు మోసిన భుజం నాయనా అది. ఆ రోజు ఆదాము వరండాలో నిలబడి ఫొటో వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. నాకు తెలిసిందని అతనికి తెలుసు. ఇద్దరం మాట్లాడలేదు."

"మరి ఇన్నేళ్ళూ..."

"చెప్తే ఏమయ్యేది? వీడు ఆ రోజే తీసేయించేవాడు. ఇప్పుడు చూశావుగా. రోజూ దణ్ణం పెట్టుకున్నాను, సగం ఆయనకి, సగం ఆదాముకి. ఆ ఇల్లు ఇద్దరూ కలిస్తేనే నిలబడింది. పాత ఫొటో మళ్ళీ ప్రింటు కొట్టి పట్టుకురా. నువ్వే వచ్చి తగిలించు. శ్రీకర్ సంగతి నేను చూసుకుంటాను."

శాలేమురాజు అప్పటికే కంప్యూటర్లో తండ్రి ఫొటో తెరిచాడు. కుడి భుజం నిజంగానే దిగి ఉంది. వేలెడు కిందికి ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని చొక్కా ముడత అనుకున్నాడు. కొందరికి అతికించేటప్పుడు బాగుండలేదని ఆ ముడతని సరిచేసి పంపాడు కూడా.

"నాకెప్పుడూ కనపడలేదమ్మా" అన్నాడు.

"నీ పనంతా తలకాయలతోనే కదా నాయనా" అంది జయలక్ష్మి గారు.

ఆవిడ ఫోను పెట్టేసింది. పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి ఉన్న కొట్టులో, తండ్రిని మట్టి చేసినప్పుడు కూడా ఏడవని శాలేమురాజు కీబోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చాడు.